క్రిస్మస్ పండుగ ఇంటిల్లిపాదితో: పాలమూరు, నల్లగొండ ఇళ్లలో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు

డిసెంబరు వచ్చిందంటే అవే డౌట్లు. కేకు నడుమ ఎందుకు గుంట పడింది, పాతిక మందికి ఎన్ని కిలోలు తేవాలె, మాల వేసుకున్న దోస్తును భోజనానికి పిలవొచ్చా. అడిగినవాళ్లు అడిగిన తీరులోనే ప్రశ్నలు పెట్టి, పని జరిగే వరుసలో జవాబులు రాశాం. ఎక్కడి నుంచైనా చదవొచ్చు.

## నవంబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా

పండుగ పనులు ఎప్పటి సంది మొదలుపెట్టాలె?

అన్నిటికంటే ముందు దర్జీ. డిసెంబరు 10 దాటితే చాలామంది కొత్త బట్ట పట్టరు, పట్టినా 24 రాత్రి దాకా తిప్పుతారు. కాబట్టి జాకెట్లు, పిల్లల బట్టలు నవంబరు ఆఖరికల్లా ఇచ్చేయండి. నారాయణపేట నూలు చీర కొంటే కట్టేముందు ఒకసారి ఉప్పు కలిపిన చల్లనీళ్లలో విడిగా జాడించండి. లేకపోతే ముదురు అంచు రంగు తెల్ల జాకెట్‌కు అంటుకుంటుంది. మటన్ కొట్టుకు వారం ముందే చెప్పి, ఎన్ని కిలోలో, ఎన్నింటికి వస్తారో రాయించండి. 25 పొద్దున వరుసలో నిలబడితే మంచి ముక్క దొరకదు.

సెలవులు ఎన్ని రోజులు వస్తయి?

తెలంగాణలో 25తో పాటు 26 కూడా సాధారణ సెలవు, 24 ఐచ్ఛిక సెలవు. 2026లో పండుగ శుక్రవారం పడింది కాబట్టి ఆదివారం కలిపి వరుసగా మూడు రోజులు. ఆ 26 నాలుగో శనివారం కూడా, అంటే బ్యాంకులు మూడు రోజులూ మూతే. మటన్ కొట్టు, పూల దుకాణం, ఆటో అన్నిట్లో ఫోన్ పే నడుస్తుంది గానీ చర్చి కానుకకు, ఇంటింటికీ పాటలు పాడుతూ వచ్చే క్యారల్స్ పిల్లలకు చిల్లర నోట్లు కావాలి. 24 మధ్యాహ్నంలోపు తీసిపెట్టుకోండి.

బొంబాయి, పుణె నుంచి ఇంటికొచ్చేటోళ్లు టికెట్ ఎప్పుడు తీయాలె?

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 24న ఎక్కాలంటే అక్టోబరు 25 పొద్దున్నే బుక్ చేయాలి. హైదరాబాద్ దాకా వచ్చాక పాలమూరుకైనా నల్లగొండకైనా బస్సులో సుమారు 100 కిలోమీటర్లు. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, కానీ తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. బయటి రాష్ట్రానికి వలసపోయి ఆధార్‌లో అక్కడి చిరునామా మార్చుకున్నవాళ్లకు ఇక్కడే ఇబ్బంది వస్తుంది. డీలక్స్, సూపర్ లగ్జరీలో అందరూ డబ్బు కట్టాల్సిందే. సొంత బండిలో వచ్చేవాళ్లు తెల్లారుజామున 65, 44 నంబరు జాతీయ రహదారుల మీద మంచు కమ్ముతుందని గుర్తుంచుకుని ఎండ పొడిచాక బయలుదేరితే మంచిది.

సెమీ క్రిస్మస్ అంటే ఏంది, దానికీ కొత్త బట్టలు కావాల్నా?

25న అందరూ ఎవరి చర్చికి, ఎవరి ఇంటికి వాళ్లు పోతారు. అందుకే బడుల్లో, ఆఫీసుల్లో, కాలనీ కూడికల్లో డిసెంబరు మొదటి మూడు వారాల్లోనే ఒక సాయంత్రం పాటలు, వాక్యం, కేకు కోత పెట్టుకుంటారు. అదే సెమీ క్రిస్మస్. ఉన్న బట్టల్లో శుభ్రమైనవి చాలు.

టెంట్ హౌస్ సామాన్లు దొరుకుతయా, కరువైతయా?

ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. అప్పటి నుంచి హిందూ పెళ్లిళ్లు ఉండవు కాబట్టి కుర్చీలు, షామియానా, గంజులు ఖాళీగానే ఉంటాయి, కిరాయి కూడా బేరానికి దిగుతుంది. చిక్కల్లా 24, 25 తేదీలతోనే. ఊళ్లోని చర్చిలన్నీ ఆ రెండు రోజులకే అడుగుతాయి. 23 సాయంత్రమే సామాన్లు ఇంటికి తెచ్చుకునేలా మాట్లాడుకోండి. తెచ్చినరోజే గంజులు, గరిటెలు లెక్కపెట్టి కాగితం మీద రాయించండి, తిరిగిచ్చేటప్పుడు గొడవ ఉండదు.

## పిండివంటలు, కేకు

ఓవెన్ లేదు, కుక్కర్ల కేకు అయితదా?

బ్రహ్మాండంగా అవుతుంది. అయిదు లీటర్లకు పైబడిన పాత అల్యూమినియం కుక్కర్ తీసుకోండి. కొత్తది వద్దు, నీళ్లు లేకుండా కాలి అడుగు నల్లబడుతుంది. మూత నుంచి రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. అడుగున అంగుళం మందం దొడ్డుప్పు పరిచి, మీద చిన్న స్టాండు పెట్టి, సన్న మంట మీద 10 నిమిషాలు ఖాళీగా వేడి చేయండి.

8 అంగుళాల గిన్నెకు మైదా 250 గ్రాములు, వెన్న 200, పంచదార పొడి 200, గుడ్లు 4, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, ఎండు పండ్లు, జీడిపప్పు కలిపి 300 గ్రాములు. రంగు కోసం మరో 100 గ్రాముల పంచదారను మాడ్చి, అరకప్పు వేడినీళ్లు పోసి చల్లార్చిన పాకం. పంచదార తేనె రంగు దాటి ఎర్రటి గోధుమ రంగుకు వచ్చి, పొగ లేచే క్షణంలోనే నీళ్లు పోయాలి. ఇంకో అర నిమిషం ఆగితే కేకంతా చేదు. నీళ్లు పోసేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి, చిందుతుంది.

వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటే వేయాలి. చలికి ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డు వేస్తే వెన్న విరిగి పలుకులవుతుంది, అందుకే రెండు గంటల ముందే బయట పెట్టండి. విరిగితే చెంచాడు మైదా వేసి తిప్పితే సర్దుకుంటుంది. పండ్లకు చెంచాడు పొడి మైదా పట్టించి ఆఖర్న కలపాలి, లేకపోతే అన్నీ అడుక్కు దిగుతాయి. గిన్నెలో మూడొంతుల కంటే ఎక్కువ పోయవద్దు.

సన్న మంట మీద 60 నుంచి 75 నిమిషాలు పడుతుంది. నలభై అయిదు నిమిషాల దాకా మూత ముట్టవద్దు. నడుమ గుంట పడిందంటే చాలాసార్లు కారణం ఇదే, ఆగలేక మూత తీసి చూడడం. మిగతా సార్లు బేకింగ్ పౌడర్ ఎక్కువై ఉంటుంది. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకుండా రావాలి. పూర్తిగా చల్లారాక కోయండి, ఒకరోజు ఆగితే ఇంకా రుచి.

మా ఇంట్ల మందు ముట్టరు, ప్లమ్ కేకు పండ్లు దేంట్ల నానబెట్టాలె?

నల్లద్రాక్ష రసంలో గానీ కమలాపండు రసంలో గానీ. రసాన్ని ఒక పొంగు కాచి చల్లార్చి, పండ్లు మునిగేదాకా పోసి గాజు సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టండి. రమ్ములో నెలరోజులు బయటే ఉన్నా ఏం కాదు, రసంలో మాత్రం వారం దాటనివ్వవద్దు. బుడగలు, పుల్లవాసన వస్తే పులిసిందని అర్థం, పారబోయాల్సిందే. జీడిపప్పు, బాదం నానబెట్టకండి, మెత్తబడి కరకర పోతుంది.

గులాబీ పువ్వులు అచ్చుకే అతుక్కుంటున్నయి, ఊడిరావట్లే

కొత్త అచ్చు అయితే రాత్రంతా నూనెలో ముంచి ఉంచండి, మొదటి నాలుగైదు పువ్వులు పోయినా తర్వాత దారికొస్తుంది. పిండి పాళ్లు: బియ్యప్పిండి ఒక కప్పు, మైదా ఒక కప్పు, పంచదార పొడి ముప్పావు కప్పు, గుడ్డు ఒకటి, చిటికెడు ఉప్పు, దోశపిండి జారుకు సరిపడా పాలు. పంచదార ఎక్కువైతే పువ్వు అచ్చును వదలదు, పైగా త్వరగా నల్లబడుతుంది. అచ్చును కాగే నూనెలో రెండు నిమిషాలు ఉంచి, బొట్లు దులిపి, పిండిలో మూడు వంతులే ముంచాలి. పైఅంచు దాటి మునిగితే పిండి మీదికెక్కి టోపీలా పట్టేస్తుంది, ఇక చాకుతో గీకడమే. అచ్చు చాలినంత కాలకపోతే పిండి పట్టదు, మరీ కాలితే పిండి గిన్నెలోనే ఊడి పడుతుంది. ప్రతిసారీ అచ్చును తిరిగి నూనెలో పెట్టి వేడెక్కించాలి.

గరిజెలు నూనెలో పగిలి పూర్ణం అంత బయటికొస్తుంది

మూడు కారణాలు. పచ్చికొబ్బరి వేశారు, తడికి ఆవిరి పుట్టి పగులుతుంది. తురిమిన కుడుక వాడి, దోరగా వేయించి చల్లార్చాలి. రెండు, పూర్ణం నిండా కుక్కారు. గరిజెకు రెండు టీస్పూన్లు చాలు. మూడు, అంచుకు పూర్ణం పొడి అంటి అతుక్కోలేదు; తడివేలితో అంచు తుడిచి ఒత్తండి. అరకిలో మైదాకు చిన్నవి 40 దాకా వస్తాయి. ఒత్తినవి ఆరకుండా తడిగుడ్డ కప్పండి.

## స్టార్, లైట్లు, పాక

స్టార్ కొనకుండ ఇంట్లనే చేయాలంటే ఎట్ల?

మూడడుగుల వెదురు బద్దలు 10, ఎనిమిది అంగుళాల ముక్కలు 5, సన్న బైండింగ్ వైరు, గ్లాస్ పేపర్ (మెరిసే సెల్లోఫేన్ కాగితం), పారదర్శక టేపు. అయిదు బద్దలను కొసకు కొస కలుపుతూ, చెయ్యెత్తకుండా గీసే అయిదు కొనల చుక్కలా కట్టండి. ఒక బద్ద పైనుంచి, తర్వాతది కిందినుంచి అల్లితే బిగువు వస్తుంది. ఇలాంటివి రెండు. ఒకదానిమీద ఒకటి పెట్టి అయిదు కొసలూ కలిపి కట్టాలి. ఇప్పుడు నడుమ బద్దలు ఒకదాన్నొకటి దాటే అయిదు చోట్లా చిన్న ముక్కలు నిలువుగా తోస్తే స్టార్ ఉబ్బుతుంది. ఆ ముక్కలు అన్నీ ఒకే పొడవు ఉండాలి, లేకపోతే స్టార్ ఒక పక్కకు మెలి తిరుగుతుంది. చేసేవాళ్లలో సగం మంది బోల్తా పడేది ఇక్కడే.

పతంగి కాగితం చూడ్డానికి బాగుంటుంది గానీ రెండు రాత్రుల మంచుకు నాని చిరుగుతుంది. మైదా జిగురైతే ఎలుకలకు విందు. గ్లాస్ పేపర్‌ను టేపుతో అంటించండి. ఒక ముఖాన్ని మాత్రం టేపు చివరలు మడిచి, విప్పడానికి వీలుగా వదలండి, బల్బు పోతే స్టార్ చింపాల్సిన పని ఉండదు. లోపల 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు చాలు. పాత వంద వాట్ల గుండ్రటి బల్బు వేడికి కాగితం కాలుతుంది. హోల్డరును కరెంటు వైరుకు వేలాడదీయకుండా, నడుమ అడ్డంగా ఒక పుల్ల కట్టి దానికి బిగించండి.

మేడ మీద స్టార్ కట్టేటప్పుడు ఏం చూసుకోవాలె?

ఇనుప పైపు వద్దు, ఎండిన వెదురు బొంగే వాడండి. బొంగు కూలినా కరెంటు తీగలకు తగలనంత దూరంలో నిలపండి, అంటే బొంగు పొడవు కంటే ఎక్కువ దూరం. వైరు అతుకులకు టేపు చుట్టి, వైరు ఇంట్లోకి దూరేముందు కిటికీ కంటే కిందికి ఒక జానెడు వేలాడేలా వదిలి తర్వాత పైకి తేవాలి. మంచు నీళ్లు ఆ వంపు దగ్గర బొట్లుగా రాలిపోతాయి. వంపు లేకపోతే నీళ్లు వైరు వెంట నడిచి నేరుగా స్విచ్చుబోర్డులోకి చేరతాయి.

పశువుల పాకకు వరిగడ్డి వాడొచ్చా?

యేసు పశువుల పాకలో పుట్టాడని గుర్తుచేసే బొమ్మల పాక ఇది, వాడొచ్చు. వానాకాలం వరి కోతలు అప్పుడే అయిపోయి ఉంటాయి, గడ్డికి కొదవలేదు. గడ్డి మీద సీరియల్ బల్బులు చుట్టకుండా పాక కప్పు బయటి అంచుకు కట్టండి, కొవ్వొత్తి అసలే పెట్టవద్దు. ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) ఇళ్లలో బాలయేసు బొమ్మను 24 రాత్రి పూజ అయ్యాకే తొట్టిలో పెడతారు, అప్పటిదాకా తొట్టి ఖాళీగా ఉండడమే పద్ధతి.

## క్యారల్స్ రోజులు

క్యారల్స్ వాళ్లు ఇంటికొస్తే ఏం పెట్టాలె, ఎంత ఇయ్యాలె?

ఒక్క రాత్రి ఇరవై ఇళ్లు తిరుగుతారు, అందరూ కేకే పెడితే పిల్లలు మూడో ఇంటికే ముఖం తిప్పుకుంటారు. మురుకులు, పల్లీలు, వేడి చాయ ఉంటే దండం పెడతారు. కానుకకు లెక్క లేదు. కవర్లో పెట్టి పెద్దమనిషి చేతికో సంచిలోనో వేయండి, అది సంఘం ఖర్చుకు పోతుంది. వచ్చే వేళ ముందే అడిగి, పసిపిల్లలుగానీ జబ్బు మనిషిగానీ ఉంటే డప్పు ఆపి పాట ఒక్కటే పాడమనండి. ఎవరూ ఏమనుకోరు.

రాత్రి ఎన్నింటి దాకా మైకు పెట్టొచ్చు?

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు నిషేధం. పండుగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా ప్రభుత్వం సడలించవచ్చు. ఆ సడలింపు ఆ రోజుకు ఉందో లేదో ఠాణాలో అడిగి, కాగితం తీసుకోండి. చేత్తో వాయించే ఖంజరి, నోటి పాట ఉన్నచోట మైకు లేని లోటే తెలియదు.

క్రిస్మస్ తాత వేషానికి దూది గడ్డం పెట్టొచ్చా?

కొవ్వొత్తుల కూడికలో మాత్రం వద్దు, దూది గుప్పున అంటుకుంటుంది. ఉన్ని దారంతో చేయండి.

## 24 రాత్రి, 25 పొద్దున

మేం క్రైస్తవులం కాదు, దోస్తు రమ్మన్నడు. చర్చికి పోతే ఏం చేయాలె?

నిరభ్యంతరంగా వెళ్లండి. పాలమూరులో ఎక్కువ కనిపించే ఎం.బి. (మెన్నోనైట్ బ్రెదరన్) చర్చి అయినా, నల్లగొండ బాప్టిస్ట్ చర్చి అయినా, ఆర్.సి.ఎం. అయినా ఆ రోజు తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. చెప్పులు బయట విడవండి. చాలా ఊళ్లలో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చుంటారు, ఆడవాళ్లు కొంగు తలమీద వేసుకుంటారు. అందరూ లేచినప్పుడు లేవండి, పాట రాకపోతే ఊరుకోండి. కానుక సంచి వస్తే వేయడం మీ ఇష్టం. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) గానీ, ఆర్.సి.ఎం. పూజలో దివ్యసత్ప్రసాదం గానీ ఇచ్చేటప్పుడు మీ చోటే ఉండండి, అది బాప్తిస్మం పొందినవాళ్లకు. రెండు మూడు గంటలు పడుతుంది కాబట్టి చిన్నపిల్లలుంటే తలుపు దగ్గర కూర్చోండి. బయటికొచ్చాక "వందనాలు అన్నా", "హ్యాపీ క్రిస్మస్ వదినా" అంటే చాలు.

అర్ధరాత్రి పూజకు ముందు అన్నం తినొచ్చా?

సత్ప్రసాదం తీసుకునే వేళకు గంట ముందు నుంచి ఏమీ తినకూడదు. మంచినీళ్లు, మందులకు అడ్డులేదు.

చర్చి అయి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఇంటామెకు ఆరాధనే దక్కట్లే, వంట ఎట్ల?

వంటకాలు తగ్గించడమే అసలు మందు. బగారా, మటన్, దాల్చా, పెరుగు చట్నీ, ఒక తీపి. అంతకు మించి పెట్టినా ఎవరూ తినరు. 24 సాయంత్రం ఉల్లిగడ్డలు కోసి వేయించడం, అల్లమెల్లిగడ్డ నూరడం, బియ్యం ఏరడం, దాల్చాకు పప్పు ఉడకబెట్టి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడం అయిపోవాలి. 25న మటన్ తెల్లారి 5 గంటలకు పొయ్యెక్కితే 8 లోపు దిగుతుంది. దాల్చా మరిగించి పక్కన పెట్టండి. బగారా మాత్రం చర్చి నుంచి వచ్చాకే, 40 నిమిషాల పని. మగవాళ్లు ఒకరు గంజు దగ్గర నిలబడితే ఇంటామె కొత్త చీర పొగచూరదు.

## విందు

25 మంది వస్తున్నరు, ఎంత వండాలె?

మటన్ మనిషికి 200 గ్రాముల చొప్పున 5 కిలోలు, బియ్యం 3 నుంచి 3.5 కిలోలు, పెరుగు 2.5 లీటర్లు. దాల్చాకు పప్పు 750 గ్రాములు, సొరకాయ కిలోన్నర, చింతపండు 150 గ్రాములు. పదేళ్లలోపు పిల్లలిద్దరిని ఒకరిగా లెక్కేయండి. పొట్టేలు ముదురుదైతే గంజులో గంటన్నర పైనే ఉడకాలి. తొందరకు పచ్చి బొప్పాయి ముద్ద వేసేవాళ్లు కిలోకు ఒక టీస్పూన్ దాటవద్దు, ముక్క పిండి అవుతుంది.

బగారా ప్రతిసారి ముద్ద ఎందుకైతది?

డిసెంబరులో జరిగే ఈ తప్పుకు మూలం కొత్త బియ్యం. వానాకాలం పంట అప్పుడే మిల్లు దాటి వస్తుంది, ఆ గింజ నీళ్లు తక్కువ పీల్చి త్వరగా మెత్తబడుతుంది. కనీసం ఆరు నెలలు నిలవున్న సోనా బియ్యం కావాలని అడిగి తెండి. పాతవాటికి గ్లాసుకు రెండు గ్లాసుల ఎసరు, కొత్తవి తప్పకపోతే గ్లాసుంపావు నుంచి గ్లాసున్నర. బియ్యం 20 నిమిషాలు నానబెట్టి వార్చండి.

కిలో బియ్యానికి నూనె 100 మిల్లీలీటర్లు, నెయ్యి రెండు చెంచాలు, బగారా ఆకు 3, షాజీరా టీస్పూన్, లవంగాలు 5, యాలకులు 4, రెండంగుళాల చెక్క, ఉల్లిగడ్డలు 3, పచ్చిమిర్చి 5, అల్లమెల్లిగడ్డ ముద్ద రెండు చెంచాలు, గుప్పెడు పుదీన. ఎసరు మరిగాక ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే కొంచెం ఉప్పగా తగలాలి, అప్పుడు అన్నానికి సరిపోతుంది. బియ్యం వేశాక ఒక్కసారే కలపండి. నీళ్లు ఇంకి గుంటలు పడ్డాక మూత మీద బరువు పెట్టి, సన్న సెగన 12 నిమిషాలు. దించాక ఇంకో 10 నిమిషాలు మూత తీయొద్దు.

అయ్యప్ప మాలలో ఉన్న దోస్తును, శనివారం నీసు తినని చుట్టాలను పిలవొచ్చా?

పిలవాలి, పిలవకపోతేనే తప్పు. స్వాములు బయట వండినది తినరు, బలవంతపెట్టకండి. తొక్క తీయని అరటిపండ్లు, కమలాలు, కొబ్బరిబొండం ముందు పెట్టి, "స్వామీ, కూర్చోండి" అంటే మర్యాద దక్కినట్టే. మటన్ వాసన రాని వరండాలో కుర్చీలు వేయండి, లేదా పొద్దున్నే రమ్మనండి. నీసు ముట్టనివాళ్లకు బగారా, ఎముకలు వేయని దాల్చా, గుత్తివంకాయ విడి గరిటెలతో పెట్టండి. గుడ్డు లేని తీపి ఒకటి, సేమ్యా పాయసం లాంటిది, ఉంచండి. కేకులో గుడ్డుంటుందని ముందే చెప్పడం న్యాయం.

ముస్లిం దోస్తులు మా ఇంట్ల మటన్ తింటరా?

హలాల్ చేసే కొట్టులోనే కొని, ఆ మాట వాళ్లకు చెప్పండి. కేకులో రమ్ము ఉంటే అది విడి పళ్లెంలో.

నాయిన పోయి ఏడాది తిరగలేదు. పండుగ చేసుకోవచ్చా, స్టార్ కట్టొచ్చా?

ఏడాది పండుగ చేయకూడదన్నది ఊరి ఆచారం, చర్చి నియమం కాదు. చాలా ఇళ్లలో నడిమి దారి పడతారు. ఆరాధనకు పోతారు, పిల్లలకు బట్టలు తెస్తారు, ఒక్క స్టార్ కడతారు, పెద్ద విందు బదులు పాస్టర్ గారిని పిలిచి చిన్న ప్రార్థన పెట్టుకుంటారు. అమ్మ ఏమంటుందో ముందు అడగండి, ఆమె మాటే ఆఖరు. క్యారల్స్ వాళ్లకు కూడా ముందే చెబితే నెమ్మది పాట పాడి వెళ్తారు.

## 26, ఆ తర్వాత

మిగిలిన బగారా, కూర మర్నాడు తినొచ్చా?

వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే తినొచ్చు. గంజులోనే మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే అన్నం నడుమ వేడి తగ్గక చెడుతుంది, వేడి చేసినా ఆ విషం పోదు. వెడల్పు తాంబాళాల్లో పరిచి చల్లార్చి డబ్బాల్లో సర్దండి. కూర తినేముందు బుడగలొచ్చేదాకా మరగాలి.

పిల్లలతోటి ఒక్కరోజు యాడికి పోవాలె?

మెదక్ చర్చి చూడాలని అందరికీ ఉంటుంది. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది, కాబట్టి ఆ రోజు జనం కిక్కిరిసి ఉంటారు. ముసలివాళ్లు, పిల్లలు ఉంటే జనవరిలో పోవడం మేలు. దగ్గరలో కావాలంటే పాలమూరు వాళ్లకు పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు ఉంది. 2017 చివర్లో కొమ్మ విరిగి, చెట్టుకు చికిత్స చేసిన సంగతి తెలిసిందే, కొమ్మలెక్కి ఊగే రోజులు పోయాయని పిల్లలకు ముందే చెప్పండి. నల్లగొండ వాళ్లు సాగర్ పోతే నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి. డ్యామ్ కింద నీళ్లు నెమ్మదిగా కనిపించినా ఈతకు దిగవద్దు.

స్టార్, పాక ఎప్పుడు తీసేయాలె?

జనవరి 1 ఆరాధన దాకా ఉంచేవాళ్లే ఎక్కువ. ఆర్.సి.ఎం. వాళ్లు ముగ్గురు జ్ఞానుల పండుగ, జనవరి 6 దాకా పాక కదపరు. దించాక గ్లాస్ పేపర్ ఊడదీసి, ఎనిమిదంగుళాల ముక్కలు తీసేస్తే స్టార్ చదునుగా మడతపడుతుంది. సజ్జ మీద పండబెట్టండి, ముక్కలను దానికే దారంతో కట్టిపెట్టండి, వచ్చే ఏడు వెతుక్కోకుండా.